మేక కిడ్నీలో రక్తనాళాలు మైక్రో సీటీలో ఎందుకు కనపడలేదు?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ముందు నాలుగు ముక్కల్లో చెప్తాను, తర్వాత చదివేవాళ్లకీ ఉపయోగపడుతుంది. మీరు బరంపురంలో ఎమ్మెస్సీ జువాలజీ చేస్తున్నారు. ప్రాజెక్టు కోసం ఖాసీ మాంసం దుకాణం నుంచి మేక కిడ్నీ తెచ్చారు. మందుల షాపులో అయోహెక్సాల్ (ఆస్పత్రి స్కాన్లలో నాళాలు తెల్లగా కనపడటానికి ఎక్కించే అయోడిన్ మందు) కొని 10 మి.లీ. ధమనిలోకి ఎక్కించారు, దారంతో ముడేశారు, రెండ్రోజులు ఫార్మలిన్‌లో ఉంచారు, వేరే ఊళ్లో ఉన్న మైక్రో సీటీ (చిన్న శాంపిళ్లని అతి సన్నగా చూపించే ఎక్స్‌రే త్రీడీ స్కానర్) దగ్గరికి రైల్లో పట్టుకెళ్లారు. అన్ని గంటల స్కాన్ తర్వాత తెర మీద పొగమంచు లాంటి తెలుపు తప్ప నాళం అన్నది ఒక్కటీ కనపడలేదు. మెషిన్ నడిపే ఆయన శాంపిల్ బాగోలేదన్నారు. మీ గైడ్ గారు సెట్టింగులు తప్పన్నారు. ఎవరి మాట నిజం అని మీ ప్రశ్న.

మెషిన్ నడిపే ఆయన మాటే నిజమమ్మా. మీరు మందుల షాపులో ఆ సీసా కొన్నప్పుడే పని చెడిపోయింది. టెన్షన్ పడకండి. ఈ తప్పు చేయకుండా ఈ పనిలోకి వచ్చినవాళ్లు తక్కువ, నేనూ చేశాను. పదహారేళ్లు జంతువుల అనాటమీ ల్యాబుల్లో నాళాలకి రంగు ఎక్కించడమే నా పని, అందులో చివరి తొమ్మిదేళ్లు మైక్రో సీటీ కోసమే ఎక్కించాను. ఇప్పుడు పర్లాకిమిడిలో ఇంటిపట్టున ఉంటున్నాను. బరంపురం ఉక్కపోతలో ఈ పని ఎలా చెడుతుందో నాకు బాగా తెలుసు కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

మెత్తటి కణజాలానికీ రక్తానికీ ఎక్స్‌రే కంటికి పెద్ద తేడా లేదు. రెండూ దాదాపు నీళ్లే. అందుకే నాళం లోపల బరువైన మూలకం ఏదో ఒకటి నింపాలి. అయోహెక్సాల్‌లో ఉన్న అయోడిన్ ఆ పని చేస్తుంది, నిజమే. కానీ అది చాలా చిన్న అణువు, అణుభారం 821. మెదడు సంగతి వదిలేస్తే, ఒంట్లో దాదాపు ఎక్కడైనా కేశనాళికల గోడల్లోంచి బయటికి జారిపోతుంది. ఆస్పత్రిలో అది పనికొస్తోందంటే కారణం వేగం. మందు ఎక్కించిన అర నిమిషానికే ధమనుల స్కాన్ అయిపోతుంది, జారిపోయే లోపే ఫొటో తీసేస్తారు. మీరేమో రెండ్రోజులు ఆగారు. పైగా ఎక్కించింది కిడ్నీలోకి. చిన్న అణువుల్ని వడకట్టి బయటికి పంపడమే దాని వృత్తి. ఆ పైన ఫార్మలిన్‌లో ముంచారు. నాళాల్లోంచి కణజాలంలోకి, కణజాలంలోంచి సీసాలోని ద్రవంలోకి అయోడిన్ అంతా పాకిపోయింది. మీరు చూసిన పొగమంచు అదే. చిల్లుకుండలో నీళ్లు పోసి కుండ ఎందుకు నిండలేదని మెషిన్‌ని అడిగితే అదేం చెప్తుంది?

నూట పాతికేళ్ల క్రితం వాళ్లకి ఈ సంగతి తెలుసు. రాంట్‌జెన్ ఎక్స్‌రే కిరణాలు కనిపెట్టింది 1895 నవంబరులో. రెండు నెలలు తిరక్కుండానే, 1896 జనవరిలో, వియన్నాలో హాషెక్, లిండెంతాల్ అనే ఇద్దరు ఒక శవం చేతి నాళాల్లోకి సున్నం, ఇంగిలీకం, పెట్రోలియం కలిపిన ముద్దని ఎక్కించి ఎక్స్‌రే తీశారు. లోకంలో మొదటి రక్తనాళాల ఎక్స్‌రే అదేనంటారు. ఇంగిలీకం అంటే పాదరసపు ఖనిజం, బరువైనది, రేణువులుగా ఉంటుంది, గోడ దాటదు. ప్రాణం లేని కణజాలానికి కావాల్సింది అలాంటిదే: నాళంలోకి పారాలి, అక్కడే గడ్డకట్టాలి, గోడ దాటకూడదు.

ఏది వాడాలో చెప్పేముందు మిమ్మల్ని ఒకటి అడగాలి. మీకు ఎంత సన్నటి నాళం కనపడాలి? మీ ప్రశ్నలో ఎక్కడా ఇది లేదు. అసలు లెక్కంతా ఇక్కడే మొదలవుతుంది. మామూలు టేబుల్ మీది మైక్రో సీటీలో డిటెక్టర్ వెడల్పు 2000 పిక్సెళ్లు అనుకుందాం. శాంపిల్ మొత్తం ఆ వెడల్పులో పట్టాలి. మేక కిడ్నీ 6 సెం.మీ. అనుకుంటే 60 మి.మీ.ని 2000తో భాగించండి, ఒక్కో వాక్సెల్, అంటే త్రీడీ బొమ్మలో ఒక్కో చిన్న గడి, 30 మైక్రాన్లు (వెయ్యి మైక్రాన్లు ఒక మి.మీ.). ఒక నాళాన్ని నాళమని నమ్మాలంటే అడ్డంగా కనీసం మూడు వాక్సెళ్లు ఉండాలి. అంటే 90, 100 మైక్రాన్ల కంటే సన్నటివి మీకు లేనట్టే. కేశనాళికల వెడల్పు 5 నుంచి 10 మైక్రాన్లు. మొత్తం కిడ్నీ స్కాన్ చేసి కేశనాళికలు చూపిస్తానని సినాప్సిస్‌లో రాసి ఉంటే ఇవాళే ఆ వాక్యం కొట్టేయండి. కంపెనీ కరపత్రంలో "1 మైక్రాన్" అని ఉంటుంది చూడండి, అది అగ్గిపుల్ల మందం ఉన్న ముక్కకి వర్తించే మాట.

మీకు నా సలహా రెండు స్కాన్లు. మొదటిది కిడ్నీ మొత్తానికి, 30 మైక్రాన్ల దగ్గర. ప్రధాన ధమని, అది చీలిన ఇంటర్‌లోబార్ కొమ్మలు, కార్టెక్స్‌కీ (బయటి పొర) మెడుల్లాకీ (లోపలి భాగం) మధ్య విల్లులా వంగే ఆర్క్యుయేట్ ధమనులు, ఇవి చక్కగా వస్తాయి. తర్వాత అదే కిడ్నీ కార్టెక్స్‌లోంచి చర్మవైద్యులు బయాప్సీకి వాడే 8 మి.మీ. పంచ్‌తో ఒక ముక్క తీసి దాన్ని 4 మైక్రాన్ల దగ్గర స్కాన్ చేయండి. రంగు అక్కడిదాకా వెళ్లి ఉంటే గ్లోమెరులస్‌లు, అంటే రక్తాన్ని వడకట్టే కేశనాళికల ఉండలు, కొమ్మకి కాసిన ద్రాక్షల్లా కనపడతాయి. ఎన్నిసార్లు చూసినా నాకు మొహం మొత్తని బొమ్మ అది.

ఇక ఏం ఎక్కించాలి. మైక్రోఫిల్ పేరు మీరు పేపర్లలో చదివే ఉంటారు. లెడ్ క్రోమేట్ కలిపిన సిలికాన్ రబ్బరు అది. పల్చగా పారుతుంది, కేశనాళికలు దాటి సిరల్లోకీ వెళ్తుంది, గంటా గంటన్నరలో గట్టిపడుతుంది. కానీ విదేశీ సరుకు, ఖరీదెక్కువ. సీసం, క్రోమియం రెండూ విషమే. విద్యార్థి ప్రాజెక్టుకి నేను వద్దంటాను. సీసపు ఆక్సైడ్‌ని జెలటిన్‌లో కలిపి ఎక్కించే పద్ధతి ఒకటుంది. ప్లాస్టిక్ సర్జన్లకి దాని రుణం చాలా ఉంది. టేలర్, పామర్ 1987లో శరీరాన్ని యాంజియోసోములుగా (ఒక్కో ధమని రక్తం అందించే ప్రాంతాలుగా) విడగొట్టి చూపించింది శవాలకి రంగెక్కించి ఎక్స్‌రేలు తీసిన పనితోనే. కానీ అక్కడా సీసమే, మిగిలిన ద్రవాన్ని సింకులో పారబోయడానికి లేదు. లూగాల్ అయోడిన్ దారి వేరు. అది నాళాన్ని నింపదు, కణజాలానికే రంగేస్తుంది. పిండాలకీ, చిన్న పురుగులకీ, కండరాలకీ బాగుంటుంది గానీ శాంపిల్ ముడుచుకుపోతుంది, నాళాల కొలతలు తీయాలనుకునేవాళ్లకి పనికిరాదు.

మీకు సరిపోయేది బేరియం సల్ఫేట్, జెలటిన్. చవక, దొరుకుతుంది, సల్ఫేట్ నీళ్లలో కరగదు కాబట్టి చేతికి ప్రమాదం లేదు. కొనేటప్పుడు మాత్రం సీసా మీద "సల్ఫేట్" అన్న మాట రెండుసార్లు చదవండి. బేరియం క్లోరైడ్, కార్బొనేట్ విషాలు. కడుపు ఎక్స్‌రేకి తాగించే చిక్కటి బేరియంలో గమ్ములూ ఫ్లేవర్లూ ఉంటాయి, రేణువులు కూడా ముద్దకడతాయి. మెత్తటి పొడి రకం తెచ్చుకోండి. ఒక లోపం ముందే చెప్తాను. బేరియం రేణువులు ఒకదానికొకటి అంటుకుని చాలాసార్లు కేశనాళికల ముందే ఆగిపోతాయి, సిరల వైపు వెళ్లవు. మీకు ఇది ఒక రకంగా మేలు. ధమనుల చెట్టొక్కటే వస్తుంది, సిరలతో చిక్కుపడదు.

ఇప్పుడు చేతిపని. స్కాన్ బాగా రావడం, రాకపోవడం దుకాణం దగ్గరే సగం తేలిపోతుంది.

కసాయి మామూలుగా కిడ్నీని ధమని మొదలంటా కోసి, కొవ్వు ఊడబెరికి ఇస్తాడు. కూరకి అది చాలు. మీకు ధమని పొడుగ్గా కావాలి, దాని చివర బృహద్ధమని ముక్క కూడా కావాలి. "నరం పొడుగ్గా ఉంచు" అని చెప్పారనుకోండి, ఇంకేదో ఇస్తాడు. మనవాళ్లకి నాళమైనా, నాడి అయినా, కండరం చివర తెల్లటి పట్టీ అయినా అన్నీ నరాలే. నేను మొదటిసారి అలాగే చెప్పి మూత్రనాళం పొడుగ్గా తెచ్చుకున్నాను. తర్వాత వేలుపెట్టి చూపించడం నేర్చుకున్నాను: "వెన్నెముక కింద ఆనుకుని పెద్ద గొట్టం దిగుతుంది చూడు, దాన్ని కోయకుండా రెండు కిడ్నీలతో కలిపి తియ్యి." ఆయన నా మొహం చూసి, "ఏటి బాబూ, గొట్టం కూడా వొండుకుంటారేటి?" అన్నాడు. ల్యాబు పని అని చెప్పి పది రూపాయలు ఎక్కువిస్తే మర్నాటి నుంచి అడక్కుండానే అలా తీసి పెట్టేవాడు. కిడ్నీ మీది పల్చటి పొర ఊడదీయొద్దని కూడా చెప్పండి. అది చిరిగితే ఎక్కించిన రంగు ఉపరితలం మీంచి కారిపోతుంది.

రెండో సంగతి సమయం. తెగిన జంతువు నాళాల్లో రక్తం గడ్డకట్టడం మొదలయ్యాక ఏ రంగూ దాటదు. సెలైన్ సీసా దుకాణానికే పట్టుకెళ్లండి. అరలీటరు సెలైన్‌లో రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ 5000 యూనిట్లు కలిపితే మి.లీ.కి 10 యూనిట్లు అవుతుంది. హెపారిన్‌కి చీటీ అడుగుతారు, గైడ్ గారి ఉత్తరం తీసుకోండి. సీసాని ఫ్లాస్కులో గోరువెచ్చగా, 37 డిగ్రీల దగ్గర ఉంచండి. చల్లటి సెలైన్ తగిలితే ధమని బిగుసుకుంటుంది. ధమనిలోకి ఆకుపచ్చ రంగు ఐవీ క్యాన్యులా, అంటే 18 గేజ్, పెట్టి పట్టుదారంతో రెండు ముళ్లు వేయండి. పట్టుకి పేరుపడ్డ ఊళ్లో ఉన్నారు, దారానికేం లోటు, అని మా పాత ల్యాబులో జోకేసేవాళ్లు. చీర దారం మాత్రం జారిపోతుంది, మందుల షాపులో సర్జరీకి అమ్మే సిల్కే తీసుకోండి. సూది లోపలి నుంచి తీసేయాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

ఎంత ఒత్తిడితో ఎక్కించాలన్నది అందరూ తప్పే చోటు. బతికున్న ధమనిలో ఉండే ఒత్తిడే ఇవ్వాలి, 100 మి.మీ. పాదరసం చుట్టుపక్కల. పాదరసం నీళ్లకంటే 13.6 రెట్లు బరువు కాబట్టి అది 136 సెం.మీ. నీటి స్తంభంతో సమానం. అంటే కిడ్నీ ఉన్న బల్ల నుంచి సీసాలోని నీటిమట్టం దాకా 136 సెం.మీ. ఎత్తు ఉండాలి. పంపు అక్కర్లేదు, గోడకి మేకు చాలు. సిరలోంచి వచ్చే నీళ్లు ఎరుపు పోయి తేటగా అయ్యేదాకా కడగండి. కిడ్నీ గోధుమరంగు వదిలి పాలిపోతుంది. ఎక్కడైనా ముదురు మచ్చ మిగిలిందంటే అక్కడ గడ్డ ఉంది, ఆ భాగంలోకి రంగు వెళ్లదు. ఆ కిడ్నీని పక్కనపెట్టి ఇంకోటి తీసుకోవడమే నయం. రెండు కిడ్నీలూ తెమ్మన్నది అందుకే.

బేరియం మిశ్రమం ఇలా చేయండి. 100 మి.లీ. మిశ్రమానికి 5 గ్రాముల జెలటిన్, 30 గ్రాముల బేరియం సల్ఫేట్. ముందు వేడినీళ్లలో జెలటిన్ కరిగించి, 40 డిగ్రీలకి దించి, బేరియం కొద్దికొద్దిగా కలుపుతూ పల్చటి గుడ్డలో రెండుసార్లు వడకట్టండి. ఉప్మాలో ఉండకట్టినట్టు ఒక్క ఉండ మిగిలినా ఒక కొమ్మ మొత్తం మూసుకుపోతుంది. కలపడం ఆపితే బేరియం అడుగుకి దిగిపోతుంది కాబట్టి గిన్నెని గోరువెచ్చటి నీళ్లలో పెట్టి కదుపుతూనే ఉండండి. ఈ మిశ్రమం సాంద్రత దాదాపు 1.23. కాబట్టి సీసాతోనే ఎక్కిస్తానంటే ఎత్తు 136 కాదు, 110 సెం.మీ. దగ్గరికి దించాలి. ఈ చిన్న లెక్క మర్చిపోతే ఒత్తిడి పావు వంతు పెరుగుతుంది. అయితే జెలటిన్ డ్రిప్ గొట్టంలో చల్లారి ఆగిపోతూ ఉంటుంది కాబట్టి నేను సిరంజితోనే ఎక్కించేవాణ్ని. మూడు దారుల స్టాప్‌కాక్‌కి ఒకవైపు సిరంజి, ఒకవైపు క్యాన్యులా, మూడోవైపు పాత బీపీ మిషన్ డయల్. డయల్ వైపు గొట్టంలో గాలే ఉండాలి, ద్రవం దాకా పోనివ్వకండి. క్యాన్యులా వైపు మాత్రం ఒక్క గాలిబుడగ కూడా ఉండకూడదు. బుడగ వెళ్లి చిన్న కొమ్మ నోట్లో కూర్చుంటే దాని వెనక అంతా ఖాళీయే. స్కాన్‌లో ఆ చోటు నల్లటి పూసలా కనపడుతుంది.

డయల్ ముల్లు చూస్తూ మెల్లగా, 100 నుంచి 120 మధ్య ఉండేలా తొయ్యండి. బొటనవేలి అంచనా మీద నమ్మకం పెట్టుకోకండి. నేను మొదట్లో డయల్ లేకుండానే చేశాను, చెయ్యి బాగా తిరిగిందన్న ధీమా. కిడ్నీ ఒక అంచున తెల్లగా ఉబ్బింది, ఆహా, ఎంత బాగా నిండిందో అనుకున్నాను. స్కాన్‌లో చూస్తే అక్కడ కొమ్మలు లేవు, పత్తికాయ పగిలినట్టు ఒక తెల్లటి ముద్ద. నాళం చిట్లి బేరియం బయట పోగుపడింది. ఎంత ఎక్కించాలి అంటే మి.లీ. లెక్క చెప్పను. ఉపరితలం అంతా సమంగా తెల్లబడి, ముల్లు కిందికి దిగకుండా నిలబడ్డప్పుడు ఆపండి. వెంటనే ధమనిని క్యాన్యులాకి లోపలివైపు కట్టేసి, అప్పుడు క్యాన్యులా తీయండి. ముందు తీసి తర్వాత కడదామనుకుంటే పెద్ద కొమ్మలు ఖాళీ అయిపోతాయి.

తర్వాత ఐస్‌నీళ్లలో రెండు గంటలు. ఇక్కడే మన వాతావరణం సంగతి. 5 శాతం జెలటిన్ దాదాపు 30 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలెడుతుంది. చలిదేశాల ల్యాబుల వాళ్లు "గది ఉష్ణోగ్రత దగ్గర గట్టిపడనివ్వండి" అని రాస్తే అది వాళ్ల గది. బరంపురంలో మే నెలలో మన గదిలో అది పాయసమే. గట్టిపడ్డాక కిడ్నీని ఫ్రిజ్‌లోనే 10 శాతం ఫార్మలిన్‌లో రెండ్రోజులు ఉంచాలి. మీరు ఫార్మలిన్‌లో పెట్టింది పాడైందని దాన్ని మానేయకండి. అయోహెక్సాల్ విషయంలో చెరుపు చేసిందే ఇక్కడ మేలు చేస్తుంది. ఫార్మాల్డిహైడ్ జెలటిన్ పోగుల్ని ఒకదానికొకటి కుట్టేస్తుంది. ఆ తర్వాత అది వేడికి కరగదు.

ఇది నాకు పుస్తకం నేర్పలేదు, ఫైలిన్ నేర్పింది. 2013 అక్టోబరు 12 రాత్రి తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది కదా, అప్పుడు నేను బరంపురంలోనే ఉన్నాను. మా వీధికి కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పేవాడు లేడు. ఫ్రిజ్‌లో ఆరు కిడ్నీలున్నాయి, నాలుగు ఫార్మలిన్‌లో, రెండు తొందరలో సెలైన్‌లోనే వదిలేసినవి. రోజులు గడిచాక అన్నీ పోయాయనే అనుకున్నాను. పారేయడానికి చేతులు రాక స్కాన్ చేశాం. ఫార్మలిన్‌వి నాలుగూ నిక్షేపంగా ఉన్నాయి. సెలైన్‌వి రెండూ చూడాల్సిన బొమ్మలు. జెలటిన్ కరిగి, బేరియం ప్రతి నాళంలోనూ ఒకే వైపుకి దిగి పేరుకుంది. అడ్డకోత తీస్తే ప్రతి గొట్టం కింద సగం తెలుపు, పైన సగం నలుపు, మధ్యలో గీత గీసినట్టు సమతలం. కిడ్నీ ఫ్రిజ్‌లో ఏ పక్కకి ఒరిగి పడుకుందో ఆ గీతని బట్టి చెప్పొచ్చు.

రైలు ప్రయాణానికి ఫార్మలిన్ సీసా పట్టుకెళ్లకండి, పెట్టె మొత్తం కళ్లు మండిపోతాయి. కిడ్నీని కడిగి, సెలైన్‌తో తడిపిన దూదిలో చుట్టి, రెండు జిప్ కవర్లలో పెట్టి, థర్మకోల్ డబ్బాలో చల్లటి జెల్ ప్యాకు పక్కన ఉంచండి. డీప్‌ఫ్రీజ్ చేయొద్దు, మంచుపలుకులు కణజాలాన్ని చీల్చేస్తాయి. ఇంకో మాట. మైక్రో సీటీకి డబ్బు కట్టేముందు దగ్గర్లో పశువుల ఆస్పత్రిలోనో తెలిసిన సెంటర్‌లోనో అనుమతి అడిగి, కవర్లోంచి తీయకుండానే ఒక మామూలు డిజిటల్ ఎక్స్‌రే తీయించండి. పెద్ద కొమ్మలు అందులోనే కనపడాలి. అందులో చెట్టు కనపడకపోతే మైక్రో సీటీలోనూ ఉండదు, రైలు టికెట్టు దండగ.

స్కాన్ గురించి మీ గైడ్ గారు ఎక్కువ అడిగారు గానీ నేను తక్కువే చెప్తాను, మెషిన్ దగ్గరి మనిషికి తన మెషిన్ సంగతి నాకంటే బాగా తెలుసు. బేరియం ఎక్స్‌రేని బాగా పీల్చుకోవడం 37.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒక్కసారిగా పెరుగుతుంది. అయోడిన్‌కి ఆ మెట్టు 33.2 దగ్గర. చిన్న ముక్కకి ఎక్స్‌రే గొట్టం వోల్టేజి 60 కేవీ (కిలోవోల్టులు), అర మి.మీ. అల్యూమినియం ఫిల్టర్‌తో మొదలెట్టొచ్చు. కిడ్నీ మొత్తానికి ఆ కిరణాలు చాలవు, 80, 90 దాకా వెళ్లి ఫిల్టర్ మందం పెంచాలి. పెద్ద ధమని పక్కన తెల్ల, నల్ల చారలు వస్తే అది బీమ్ హార్డెనింగ్ (బరువైన పదార్థం బలహీన కిరణాల్ని ముందే పీల్చేయడం వల్ల వచ్చే దోషం), నాళం కాదు. 0.2 డిగ్రీల అడుగుతో 360 డిగ్రీలు తిప్పితే 1800 ఫొటోలు. ఒక్కోటి సెకను, మూడేసి సగటు తీస్తే గంటన్నర. ఈ గంటన్నరా శాంపిల్ వెంట్రుకవాసి కూడా కదలకూడదు, ఎండిపోకూడదు. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే పెడితే వేడెక్కుతూ కుంగుతుంది, అంచులన్నీ జంటగీతలైపోతాయి. ఒక గంట బయట ఉంచి, ప్లాస్టిక్ డబ్బాలో పల్చటి అగరోజ్ (జెల్లీలా గడ్డకట్టే పదార్థం) పోసి అందులో కూర్చోబెట్టండి. చుట్టూ నీళ్లు పోసి తేలేలా మాత్రం పెట్టకండి.

ఆ డబ్బాలోనే ఇంకొకటి పెట్టమంటాను, ఎవరూ పెట్టరు. లోపలి వ్యాసం 0.28 మి.మీ. ఉండే సన్నటి పాలిథీన్ గొట్టం అమ్ముతారు, పీఈ-10 అంటారు. అదే బేరియం మిశ్రమం అందులో నింపి, రెండు చివరలూ మూసి కిడ్నీ పక్కన పెట్టండి. ఎందుకంటే, కంప్యూటర్లో నాళాన్ని కణజాలం నుంచి విడదీసేటప్పుడు మీరు ఒక త్రెషోల్డ్ ఎంచుకుంటారు, అంటే ఎంత తెలుపు దాటితే నాళమని లెక్కించాలో ఆ హద్దు. దాన్ని కొంచెం అటూ ఇటూ జరిపితే నాళాలన్నీ లావెక్కుతాయి, లేదా సన్నబడతాయి. 30 మైక్రాన్ల స్కాన్‌లో 100 మైక్రాన్ల నాళానికి అంచున ఒక్క వాక్సెల్ అటూ ఇటూ అయితే కొలత ఎంత మారుతుందో మీరే వేసుకోండి. ఆ గొట్టం 0.28 అని చూపించే త్రెషోల్డ్ ఏదో దాన్నే వాడితే వైవాలో అడిగినప్పుడు జవాబు ఉంటుంది.

కంప్యూటర్ సంగతి కూడా ముందే చూసుకోండి. 2000 వాక్సెళ్లు పొడవు, వెడల్పు, ఎత్తు అంటే మొత్తం 800 కోట్ల వాక్సెళ్లు, 16 బిట్లలో దాచితే 16 జీబీ. పెన్‌డ్రైవ్‌లో పట్టుకొస్తే మీ లాప్‌టాప్ తెరవలేక నోరెళ్లబెడుతుంది. ఈ బొమ్మలు తెరిచే సాఫ్ట్‌వేర్లు ఫిజి, త్రీడీ స్లైసర్ రెండూ ఉచితం. ముందు సగం సైజుకి కుదించిన కాపీ మీద పని చేసి, అన్నీ కుదిరాక అసలు దాని మీద నడపండి. ముడి ఫొటోలు కూడా అడిగి తెచ్చుకోండి. చాలా ల్యాబుల్లో కొన్నాళ్లకి చెరిపేస్తారు.

ఫలితం రాసేటప్పుడు ఒక వాక్యం విషయంలో జాగ్రత్త. "ఈ భాగంలో నాళాలు లేవు" అని రాయకండి. "ఈ భాగంలో నాళాలు నిండలేదు" అనేది ఒక్కటే మీకు తెలిసిన నిజం. మా దగ్గర ఒక కుర్రాడు కిడ్నీ కింది ధ్రువంలో నాళాలు తక్కువని పోస్టర్ దాకా వెళ్లాడు. నేను ముక్క తీసి సెక్షన్ కోయించి చూస్తే నాళాలు నిండుగా ఉన్నాయి, వాటి నిండా గడ్డకట్టిన రక్తం. పంచ్‌తో తీసిన ఆ 8 మి.మీ. ముక్కని స్కాన్ అయ్యాక పారేయకుండా హిస్టాలజీకి, అంటే పల్చగా కోసి మైక్రోస్కోపులో చూడటానికి, ఇవ్వండి. బేరియం, జెలటిన్ సెక్షన్లలో కూడా కనపడతాయి.

మీ రెండో ప్రశ్న, ఎలుకల మీద చేస్తే తేలిక కదా అని. చేతికి తేలికే, కాగితానికి కాదు. బతికున్న జంతువు మీద ప్రయోగం అంటే 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కిందికి వస్తుంది, మీ సంస్థలోని జంతు నైతిక సంఘం అనుమతి లేకుండా మొదలెట్టకూడదు. ఎమ్మెస్సీకి మిగిలింది నాలుగు నెలలంటున్నారు. కూరకి తెగిన మేక కిడ్నీతోనే పోనివ్వండి. ఆ విషయం కూడా మీ సంఘానికి ఒక కాగితం మీద తెలియజేసి ఉంచండి.

దుకాణానికి ఆదివారం మాత్రం వెళ్లకండి. ఆ గిరాకీలో గొట్టం కోయకుండా తియ్యమంటే ఎవరూ వినరు. సోమ, గురువారాలు మన వైపు చాలామంది ముట్టరు, కోతలు తక్కువ. బుధవారం పొద్దున్న ఆరు, ఆరున్నరకి, ఫ్లాస్కుతో వెళ్లండి. మొదటి రెండు మేకలవి ప్రాక్టీసుకే అనుకోండి, వాటికి బేరియం బదులు నీళ్లలో నీలం సిరా ఎక్కించి చూసుకోండి. ఎక్స్‌రే తీయించాక ఆ బొమ్మ ఇక్కడ పెట్టండి, మైక్రో సీటీకి వెళ్లొచ్చో లేదో చూసి చెప్తాను.